లేని మేడకి మెట్లు

ఇళ్ళ ప్లాన్లు గీసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. స్కేలు ఎలా పట్టుకోవాలో చెప్పను, ఇప్పుడు ఎవడూ పట్టుకోవడం లేదు. అనుమతులు ఎలా తెచ్చుకోవాలో చెప్పను, చెప్తే నాకే ప్రమాదం. మీకు కంప్యూటరుంది. గోడని వేలితో పక్కకి జరుపుతారు, నేలని నొక్కితే పాలరాయి అవుతుంది. ఆ పెట్టెలో కనిపించని సంగతి ఒకటుంది. ఇల్లు కట్టించుకునేవాడు మీ ఎదురుగా కుర్చీలో కూర్చుంటాడు, టీ తాగుతాడు, తన స్తోమతుకి రెండింతల ఇల్లు అడుగుతాడు. అప్పుడు మీ నోట్లోంచి ఏ మాట వస్తుందన్నదే ఈ వృత్తి. తక్కినవన్నీ గీతలు.

నేను విజయనగరంలో ముప్పై ఎనిమిదేళ్ళు ఈ పని చేశాను. చదివింది డిప్లొమా అయినా అందరూ ఇంజినీరు గారనేవారు, నేనూ కాదనలేదు. ఆఫీసు కోటకి దగ్గర్లో, ఒక బట్టల కొట్టు మేడ మీద. కింద వాళ్ళు చీరలు విప్పి చూపించేవారు, పైన నేను ఇళ్ళు విప్పి చూపించేవాణ్ణి. చీర నచ్చకపోతే మడిచి బీరువాలో పెట్టొచ్చు. ఇల్లు మడవలేం కదా.

మా గురువుగారు, పాటల మేష్టారు

నాకు పని నేర్పినాయన సన్యాసిరావు గారు. చెయ్యి బంగారం. గీత గీస్తే దారం లాగినట్టుండేది. నోరు మాత్రం దుర్మార్గం. "పెన్సిలు గీతకి సిమెంటు ఖర్చవదురా. వచ్చినవాడు గోపురం అడిగితే ఎన్ని కలశాలు కావాలని అడగాలి గానీ, నీకెందుకురా గోపురం అని అడక్కూడదు," అనేవాడు. నేను ఆ మాటని మంత్రంలా పట్టుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, ఆయన మంచి పనివాడు, చెడ్డ గురువు. రెండూ ఒక మనిషిలో ఉండొచ్చు.

ఒకసారి సంగీతం మేష్టారొకాయన వచ్చాడు. తాతల నాటి నుంచి గుళ్ళో పాడే కుటుంబం. నాలుగు సెంట్ల స్థలం, కొత్తగా వచ్చిన పింఛను డబ్బు. ఆయనకి ఇంట్లో వందమంది కూర్చునే కచేరీ హాలు కావాలి, దాని చివర వేదిక కావాలి. "వేదిక ఎంత ఎత్తు?" అని అడిగాడు మా గురువు. వంటిల్లు ఎక్కడ అని అడగలేదు. హాలూ వేదికా పోగా మిగిలిన చోటులో ఒక బీరువా పట్టింది, మనిషి పట్టలేదు. డబ్బూ అక్కడితో అయిపోయింది.

గృహప్రవేశమైన వారానికి వెళ్ళి చూస్తే మేష్టారి భార్య గ్యాసు పొయ్యి వేదిక మీద పెట్టుకుని వంట చేస్తోంది. హాల్లో ప్రతిధ్వని బ్రహ్మాండంగా కుదిరింది. పోపులో ఆవాలు చిటపటమంటే వీధి చివరికి వినిపించేది. "ఏం నాయనా, నేను రోజుకి మూడు కచేరీలు చేస్తున్నాను. చప్పట్లు మాత్రం లేవు," అందావిడ నాతో. కచేరీ ఉన్న రోజున పొయ్యి దింపి, పరుపులు చుట్టి గోడకి చేరవేసి, వందమందికీ చాపలు పరిచేవారు. వచ్చేది నలుగురు. అందులో ఒకాయన ఎప్పుడూ చుట్టిన పరుపు మీద కూర్చుని, రెండో పాటకి దాన్ని విప్పుకునేవాడు.

ఈ సంగతి గురువుగారికి చెప్తే పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు నాకు పాతికేళ్ళు, ఆవిడ రోజుకి ఎన్నిసార్లు ఆ వేదిక ఎక్కి దిగుతోందో ఆలోచించే వయసు కాదు.

పాతపట్నంలో గాలికి టేపు పెట్టాను

పాతపట్నంలో చింతపండు, పసుపు వ్యాపారం చేసే షావుకారు ఒకడుండేవాడు. ఒక్క అంతస్తు ఇంటికి నాలుగంతస్తుల పునాది, నాలుగంతస్తుల స్తంభాలు వేయించాడు. డాబా మీద ప్రతి స్తంభం నెత్తినా చువ్వలు నిలబెట్టించాడు. మన వేపు ఏ ఊళ్ళో తల ఎత్తినా ఈ చువ్వలే కనిపిస్తాయి. మేము ఇంకా పైకి లేస్తాం అని ఊరికి చెప్పడం అన్నమాట. చాలామంది అక్కడితో ఊరుకుంటారు. ఈయన ఊరుకోలేదు. చుట్టాలొస్తే డాబా ఎక్కించి, చువ్వల మధ్య నిలబెట్టి, ఆకాశంలోకి వేలు పెట్టి చూపించేవాడు. "అదిగో, ఆ కాకి ఎగురుతున్నాది సూడండి, అది మా పెద్దోడి పడగ్గది. దానికి ఈ పక్కన దేవుడి గది. కాలు ఇటు పెట్టకండి, ఇది మెట్లు."

చుట్టాలు కాలు తీసేసేవారు. నేనూ ఒకసారి తీశాను.

తరవాత కొడుకులిద్దరూ పంపకాలకి కూర్చున్నారు. కొలవడానికి నన్ను పిలిచారు. కింద ఇల్లు గంటలో తేలిపోయింది. పైనున్న గాలి దగ్గర గొడవ వచ్చింది. ఆగ్నేయం మూల చువ్వలు అన్నకా తమ్ముడికా అని. "మూడో అంతస్తుల గాలి బాగుంటాది, అదంతా అన్నకే ఇచ్చీస్తే నానేటవ్వాల?" అని చిన్నవాడు. "మా గదికి బాత్రూం ఏదీ? దాన్ని ఆల్లకి రాసీసినారు," అని పెద్ద కోడలు ఏడుపు. నేను నిచ్చెనేసుకుని చువ్వల మీద సుద్దముక్కతో గీతలు పెట్టి, గాలిని రెండు వాటాలు చేసి, సంతకం పెట్టి, ఫీజు పుచ్చుకుని బస్సెక్కాను.

నవ్వొచ్చే సంగతే. కానీ ఆ పునాదుల్లో పోసిన కాంక్రీటులో ఆయన కొట్లో సరుకు సగం కలిసిపోయింది. బస్తాల లెక్కన అమ్మిన మనిషి చివరికి పావుకిలో పొట్లాలు కట్టాడు. చువ్వలకి మాత్రం ఏటేటా తుప్పు పట్టకుండా రంగు వేయించాడు. దుప్పటి ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోవాలంటారు. ఆయన దుప్పటి అమ్మి మంచం పొడుగు పెంచాడు.

భావనపాడు దంపతులు

ఇక అసలు కేసుకి వస్తాను. నేను దుకాణం కట్టేసే ముందు గీసిన చివరి ఇళ్ళలో ఇదొకటి. నా సర్వీసంతా ఒక ఎత్తు, ఈ ఒక్క ఇల్లు ఒక ఎత్తు.

దానయ్యది భావనపాడు. ఒక ఫైబరు బోటు, దానికి ఇంజను, వలలు, వేటకి తోడొచ్చే నలుగురు మనుషులు. భార్య నూకాలు చేపలమ్ముతుంది, అమ్ముడవనివి ఉప్పేసి ఎండబెట్టి సంతకి పంపుతుంది. విజయనగరంలో చుట్టాల పెళ్ళికి వచ్చి నేను గీసిన ఒక డాక్టరు గారి ఇల్లు చూశారు. హాల్లో గుమ్మానికి సూటిగా, ఇద్దరు మనుషులు చేతులు బారజాపి ఎక్కేటంత వెడల్పు మెట్లు. దానయ్యకి ఆ మెట్లు కళ్ళలో పడిపోయాయి. పెళ్ళి భోజనం కూడా చెయ్యకుండా వాకబు చేసుకుంటూ నా ఆఫీసుకి వచ్చేశాడు.

"మెట్లు గుమ్మంలోంచి కనిపించాల బావూ," అన్నాడు. "ఈదిలో ఎల్లేవోడు తల తిప్పితే సాలు, మెట్లు అగుపడాల. మా ఇయ్యంకుడి మేడకి మెట్లు ఎనక్కున్నాయి. నా మెట్లు ముందుండాల."

"మెట్లెక్కితే పైన ఏముండాలి?" అని అడిగాను.

"పైనేటుంటే ఏటిలెండి. ముందల మెట్లు గీసీండి."

గీశాను. కారు షెడ్డు కూడా అడిగాడు. కారు లేదు. ఉన్నా ఆ సందులోకి రాదు, ఎదురెదురుగా ఇద్దరు గంపలతో వస్తే ఒకరు గోడకి అంటుకోవాలి. అయినా షెడ్డు గీశాను. షెడ్డుకి తగ్గ గేటు గీశాను. స్థలం చాలక గేటు బయటికి తెరుచుకునేలా పెట్టాను. తరవాత తేలిందేమిటంటే, వాళ్ళ గేటు తెరిస్తే ఊరి సందు మూసుకుపోతుంది. పొద్దున్న పాలవాడు వచ్చే వేళ దానయ్య గేటు తీయకూడదని ఊళ్ళో పెద్దలు తీర్మానం చేశారు.

నూకాలు ఆ రోజంతా ఒకే ఒక్క మాట అడిగింది. "బావూ, ఇందల సేపలెండేసుకోడానికి సోటెక్కడ?"

"డాబా మీద ఎండేసుకోవచ్చమ్మా. బోలెడు ఎండ."

"మరి తడి గంపెత్తుకుని ఈ దొరల మెట్ల మీంచి ఎక్కాలేటి? నీల్లు కారతాయి కదా?"

నేను దానయ్య వేపు చూసి నవ్వి, "ఆడవాళ్ళకి ఇలాంటివే కనిపిస్తాయి," అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. ఆ ప్లానులో ఆ ఇంటికి అన్నం పెట్టే పని ఎక్కడ జరగాలో అడిగిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. చదువుకున్నవాణ్ణి నేను.

ఇల్లు లేచింది. కింద స్లాబు పడింది, మెట్లకి నల్ల గ్రానైటు పరిచారు. అక్కడికి దాచుకున్నదంతా అయిపోయింది. మెట్లెక్కితే పైన ఏమీ లేదు. గది లేదు, తలుపు లేదు, పిట్టగోడ లేదు. నల్లగా మెరిసే మెట్లు సూటిగా ఆకాశంలోకి వెళ్ళాయి.

అప్పుడు దానయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. బోటు అమ్మేస్తే పైన రెండు గదులు లేస్తాయి. పక్క ఊరి నుంచి ఎర్రయ్య అనే అతను బేరానికి వచ్చాడు, బోటూ ఇంజనూ వలలూ అన్నిటికీ కలిపి మాట్లాడుకుని అడ్వాన్సిచ్చాడు. గృహప్రవేశం నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మంచి గడియలో బోటు అప్పజెప్పేలా ఒప్పందం. ఫోనులో నాకు ఈ కబురు సంతోషంగా చెప్పాడు.

"బోటమ్మేస్తే ఏం తింటావయ్యా?" అన్నాను.

"ఇంకోలి బోటు మీద కలాసీగా ఎల్తాను బావూ. మేడున్నోడు కూలికెల్లకూడదని ఎక్కడైనా రాసుందేటి?"

రెండ్రోజుల తరవాత నూకాలు ఫోన్ చేసింది. "ఇంజినీరు బావూ, నువ్వు సెప్తే ఇంటాడు. మేడొద్దు, బోటుంచమని ఒక్క మాట సెప్పు. బోటు పోతే మరి మాకేటుంటాది?" అని ఏడ్చింది. అది మీ ఇంటి విషయమమ్మా, నేనెలా కలగజేసుకుంటాను అని ఫోన్ పెట్టేశాను.

గృహప్రవేశం

ముందురోజే వెళ్ళి టెక్కలిలో ఉండి, తెల్లారేసరికి ఆటోలో భావనపాడు చేరాను. పందిరి, డప్పులు, సన్నాయి, గేటుకి బంతిపూలు. విశాఖపట్నం నుంచి వీడియో కుర్రాళ్ళు డ్రోను తెచ్చారు. గృహప్రవేశానికి డ్రోనెందుకని అడగబోయి, కారు షెడ్డు గీసినవాణ్ణి నేనే గనక ఊరుకున్నాను.

మన ఆచారం ప్రకారం కొత్తింట్లో ముందు ఆవు అడుగు పెట్టాలి. ఊళ్ళో పారమ్మ అనే ముసలామె ఆవుని తెచ్చారు. పాడి ఆవు, దూడ వెంట ఉంది. ఆమెకి ఉన్న ఆధారమంతా ఆ ఆవే. కొమ్ములకి పసుపు పూసి, మెళ్ళో దండ వేసి, గుమ్మం ముందు నిలబెట్టారు. పంతులు గారు మంత్రం ఎత్తుకున్నారు, డప్పులు అందుకున్నాయి. ఆవు లోపలికి అడుగు పెట్టిందో లేదో, డ్రోను గుయ్యిమంటూ దాని తోక వెనకాలే గుమ్మంలోకి దూరింది.

ఆవు బెదిరింది. వెనక డ్రోను, చుట్టూ జనం. ఎదురుగా, గుమ్మానికి సూటిగా, విశాలంగా, నేను గీసిన మెట్లు. పారమ్మ చేతిలోంచి పలుపు లాక్కుని దడదడా ఎక్కేసింది.

"ఓలమ్మా, నా ఆవు!" అని పారమ్మ కేక. దూడ కింద అరుపు. పంతులు గారు ఒక్క క్షణం తడబడ్డా సర్దుకుని, "శుభం! గోమాత పైకి వెళ్ళింది, పై అంతస్తు తొందర్లోనే పూర్తవుతుందని సూచన," అన్నారు. దానయ్య మొహం వెలిగిపోయింది. వియ్యంకుడి వేపు చూశాడు కూడా.

పావుగంటకి ఆ వెలుగు తగ్గింది. ఆవు దిగదు. పచ్చగడ్డి చూపించారు, దూడని చూపించారు, తవుడు చూపించారు. పై మెట్టు దాకా వస్తుంది, కిందికి చూస్తుంది, కాళ్ళు బిగదీసుకుని వెనక్కి పోతుంది. పిట్టగోడ లేని డాబా మీద అంచు దాకా వెళ్ళి సముద్రం చూస్తూ నిలబడుతుంది. అది అంచుకి వెళ్ళినప్పుడల్లా కింద మూడొందల మంది ఒక్కసారి అయ్యబాబోయ్ అంటున్నారు. ఆ అరుపుకి అది మళ్ళీ బెదురుతోంది. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, "ఆవు మెట్లు ఎక్కేస్తుంది గానీ దిగలేదండీ. అసలు మెట్ల దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళారు?" అన్నాడు. అందరూ నా వేపు చూశారు.

ఆవుని ఎత్తి దించడానికి జేసీబీ పిలిచారు. అది సందు మొదట్లోనే ఆగిపోయింది. డ్రైవరు దిగి వచ్చి, గేటు కొలిచి, సందు కొలిచి, "ఈ గేటు ఎవులు గీసినారండీ బాబూ?" అని అడిగి, వెనక ఆవు పడేలా సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ముందు ఆవు పడిపోకుండా చూడాలి. కుర్రాళ్ళు పరిగెత్తి బోటులోంచి వల తెచ్చి, డాబా చుట్టూ వెదుళ్ళు నిలబెట్టి, వలని పిట్టగోడలా కట్టబోయారు. అప్పుడు ఎర్రయ్య అడ్డొచ్చాడు.

"ఆగండర్రా. ఆ వల నాది."

"మజ్జాన్నం నుంచి కదా నీది?" అన్నాడు దానయ్య.

"అడ్వాన్సు పుచ్చుకున్నాక ఏ పూటైతేటి? కొమ్ము తగిలి సిరిగిపోతే ఎవులిస్తారు?"

దానయ్య తన వల వాడుకోవడానికి చేతులు జోడించి అనుమతి అడిగాడు. ఎర్రయ్య సరేనన్నాక వల కట్టారు. వల అంచు పట్టుకుని నిలబడ్డ నూకాలు ఈ మాటలన్నీ వింది. ఆ వలలో ప్రతి చిరుగూ ఆవిడ చేత్తో అల్లి పూడ్చినదే.  ఆవిడ మొహం మాడిపోయింది.

"నువ్వింజినీరువి కదా బావూ, ఏదో ఒకటి సెప్పు," అని పెద్దలు నన్ను పట్టుకున్నారు. నేను గొంతు సవరించుకుని, చెక్కతో ఏటవాలు బల్ల చేయించాలి, వడ్రంగికి రెండ్రోజులు పడుతుంది, కొలతలు ఇస్తాను అన్నాను. పారమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నూకాలు అంది, "వడ్రంగెందుకు? ఇసకున్నాది కదేటి? బోటు దించడానికి ఒడ్డుని ఏటవాలు సేసుకోమేటి మనం? ఇదీ అంతే. బేగి గంపలు తెండర్రా!"

అంతే. భావనపాడు మొత్తం కదిలింది. చేపల గంపలతో, కూర మూకుళ్ళతో, అన్నం గుండిగలతో తడి ఇసక మోసుకొచ్చి మెట్ల మీద పోశారు. మగవాళ్ళు కాళ్ళతో తొక్కి గట్టి చేశారు. దానయ్య మొదట్లో, "గ్రానైటురా! గీతలు పడిపోతాయిరా!" అని అడ్డం పడ్డాడు. ఆవు మళ్ళీ అంచు దాకా వెళ్ళేసరికి నోరు మూసుకుని గంప అందుకున్నాడు. ఎర్రయ్య కూడా పంచె ఎగ్గట్టి మోశాడు. మెట్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. హాలు సగానికి నిండింది. గుమ్మం లోంచి చూస్తే లోపల సముద్రపు ఒడ్డు. జారకుండా పైన ఇంకో వల పరిచారు. ఈసారి ఎర్రయ్య అనుమతి ఎవరూ అడగలేదు, అతనూ అనలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక పారమ్మ పలుపు పట్టుకుని ముందు నడిస్తే, ఆవు తొందరేమీ లేకుండా దిగి వచ్చింది. హాలు మధ్యలో ఆగి పేడ వేసింది. శుభం అన్నారు పంతులు గారు, నీరసంగా.

ఆ మాట

అందరూ ఇసక మీదే చతికిలబడ్డారు. ఎర్రయ్య చేతులు దులుపుకుని, "మరైతే బోటు అప్పజెప్పీసుకుందామేటి?" అన్నాడు.

దానయ్య లేవలేదు. నూకాలు వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది.

"మావా, నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

దానయ్య ఇసకలో వేలు పెట్టి గీకుతున్నాడు. చుట్టూ అతని కులపోళ్ళు, వియ్యాలవారు, వేటకి తోడొచ్చే మనుషులు. ఇంత జనంలో ఆ మాట అనడం సముద్రంలో గాలివానకి ఎదురెళ్ళడం కంటే కష్టం. వేలు ఆగింది.

"నా వల్ల కాదర్రా," అన్నాడు. "మేడ నా వల్ల కాదు. డబ్బుల్లేవు. అయిపోనాయి. బోటమ్మితే మేడవుతాది గానీ, ఆ మేడల నాను ఆకలితో పడుకోవాల."

ఎవరూ నవ్వలేదు. నూకాలు రొంటిన దోపిన సంచి తీసి ఎర్రయ్య చేతిలో పెట్టింది. టైల్సు వాడు ఎన్నిసార్లు అడిగినా రేపు రేపంటూ ఆ అడ్వాన్సు ముట్టకుండా దాచింది ఆ తల్లి. నేను ఎర్రయ్య గొడవ చేస్తాడనుకున్నాను. అతను సంచి పుచ్చుకుని గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు.

"అమ్మయ్య! బతికించినావే అప్పా. మిగతా డబ్బులికి మా ఇంటిదాన్ని పుస్తెలు తాకట్టెట్టమంటే నిన్నటి నుంచీ అన్నం ఒండలేదు. డబ్బుల్లేవని నీకెలా సెప్పాలో తెలీక ఇసక మోసీసినాను."

అప్పుడు వియ్యంకుడు లేచాడు. ఏ మేడని చూసి దానయ్య ఇదంతా మొదలెట్టాడో ఆ మేడ గల మనిషి. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బావా, నాను కూడా ఒకటి సెప్పీసుకుంటాను," అన్నాడు. "మా మేడల ఏటీ లేదు. ఈది వేపు గోడొకటే ఉన్నాది. ఎనక గోడ లేదు, కప్పు లేదు. కిటికీలకి కర్టెన్లు కట్టీసి, సాయంత్రం బల్బేస్తాను. నా పెల్లాం రోజూ నిచ్చెనెక్కి కర్టెను మారుస్తాది. వానొస్తే బల్బు పేలిపోతాది."

ఇక ఆగలేదు. ఒకడు తన టీవీ రెండేళ్ళుగా పాడైందని, అయినా దుమ్ము తుడుస్తున్నానని చెప్పాడు. ఇంకొకడు తన ఏసీ ఒట్టి డొక్కని, లోపల పిచ్చికలున్నాయని చెప్పాడు. ఆ ఇసక మీద కూర్చుని జనం ఒకరి తరవాత ఒకరు తమకి లేనివన్నీ చెప్పుకున్నారు, పగలబడి నవ్వుకున్నారు, కొందరు ఏడ్చారు. చల్లారిపోయిన పులిహోర అందరికీ అక్కడే పెట్టారు. పళ్ళకింద ఇసక కరకరలాడింది. నా జన్మలో అంత హాయిగా తిన్న గృహప్రవేశం భోజనం మరొకటి లేదు.

వల మడిచి బోటు వేపు మోసుకుపోతున్నారు కుర్రాళ్ళు. తెల్లారితే వేటకి వెళ్తుంది, దానయ్య బోటుగానే. నేను నా సంచి తీసుకుని నూకాలు దగ్గరికి వెళ్ళాను. మెట్ల పైన కన్నం మూసేయడానికి కొత్త గీత గీసిస్తాను, బయట నుంచి చిన్న ఇనప మెట్లు పెడదాం, గంపతో ఎక్కొచ్చు, ఫీజు వద్దు అన్నాను. సరే బావూ అంది. అక్కడితో వచ్చేయాల్సింది. అంతమంది అన్ని నిజాలు చెప్పుకున్నాక నేనూ నాది దాచుకోలేకపోయాను.

"నూకాలమ్మా, నాకు మొదటి రోజే తెలుసు," అన్నాను. "మీరు టీ తాగుతున్నప్పుడే మనసులో లెక్క కట్టేశాను. మీ దగ్గరున్న డబ్బుకి ఈ ఇల్లు సగంలో ఆగిపోతుందని, అప్పుడు మీరు బోటు అమ్ముకునే దాకా వస్తారని."

ఆవిడ చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

"తెలిసీ గీసీసినావేటి బావూ?"

"గీశానమ్మా."

"ఫీజు?"

"తీసుకున్నాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పక్కనున్న చేపల గంప తీసి నా చేతిలో పెట్టింది.

"అయితే ఈ ఇసక బయట పోసీయి," అంది.

మోశాను. చొక్కా విప్పి పక్కన పెట్టి, నేను గీసిన గుమ్మంలోంచి, నేను గీసిన గేటు పక్క నుంచి ఒడ్డు దాకా మోశాను. దానయ్య, ఎర్రయ్య, వియ్యంకుడు కూడా మోస్తున్నారు. నన్నెవరూ ఇంజినీరు గారనలేదు, బేగి రాయ్యా అన్నారు. చివరి బస్సు వెళ్ళిపోయింది. ఆ ఇంటికి నేను చేసినవాటిలో పనికొచ్చిన పని అదొక్కటే.